బెంగళూరులో ఉంటూ కన్నడం రాకుండా చూసుకోవడం ఎలా?

కన్నడం నేర్చుకోవడం ఎలా అని చెప్పే పుస్తకాలకి కొదవ లేదు. నేర్చుకోకుండా ఉండడం ఎలాగో చెప్పే పుస్తకం మాత్రం ఇంతవరకు ఒక్కటీ నా కంటపడలేదు. ఉద్యోగానికని బెంగళూరు దిగే తెలుగువాడికి నిజానికి పనికొచ్చేది ఈ రెండో రకమే. పుష్కరకాలం దాటి అక్కడే కాపురం ఉంటూ, అద్దె ఒప్పందం దగ్గర్నుంచి పళ్ళ డాక్టరు దాకా అన్ని పనులూ చక్కబెట్టుకుంటూ, కన్నడం ఒంటికి అంటకుండా కాపాడుకొచ్చినవాడిగా ఆ లోటు తీర్చే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ పని పంజాబు నుంచో బెంగాల్ నుంచో వచ్చినవాళ్ళకి ఉన్నంత సులువు కాదు మనకి. వాళ్ళకి భాషల మధ్య దూరమే శ్రీరామరక్ష. మనకి కన్నడం పక్క వాటా లాంటిది. గోడకి చెవి ఆనించక్కర్లేదు, ఊరికే కూర్చున్నా మాటలు వినబడతాయి. వాళ్ళ వాక్యమూ మన వాక్యంలాగే క్రియతో ముగుస్తుంది. మన "నాకు తెలుసు"లో మాటకి మాట మార్చి పెడితే "ననగె గొత్తు" అయి కూర్చుంటుంది. "నాకు కావాలి" అయితే "ననగె బేకు". ఇంగ్లీషులో "నాకు" కాస్తా "నేను" ఎందుకు అవుతుందో అర్థంకాక బడిలో బెత్తం దెబ్బలు తిన్న జాతికి, ఇక్కడ ఆ ఇబ్బంది కూడా లేదు. పైగా పాత కన్నడంలో మాట మొదట ఉన్న "ప" తర్వాతి కాలంలో చాలాచోట్ల "హ" అయిపోయింది. ఆ ఒక్క కిటుకు పట్టుకుంటే పాలు హాలు, పులి హులి, పాము హావు, పల్లె హళ్ళి అంటూ మాటలు వాటంతట అవే వచ్చి మీద పడతాయి. అందుకే చదివిన వెంటనే మరిచిపోండి. మారతహళ్ళిలో బస్సు దిగేటప్పుడు అది ఒకప్పటి పల్లె అన్న ఊహ రాకూడదు.

లిపితో ఇంకా ప్రమాదం. రెండు లిపులూ ఒక తల్లికి పుట్టినవే. తలకట్టు కొంచెం తేడా, కొన్ని అక్షరాలు తేడా. ఒక ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుంటే బోర్డులు కూడబలుక్కుని చదివేయవచ్చు. అది చాలదన్నట్టు 2024లో చట్టం సవరించి, దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడం ఉండాలన్నారు. కాబట్టి ఆటో ఎక్కగానే ఫోను తీయండి, తల ఎత్తకండి. సిల్క్ బోర్డు జంక్షన్‌లో బండి ఆగినంతసేపూ బయటికి చూస్తూ కూర్చున్నారంటే ఒక్క వానాకాలంలో ఒత్తులతో సహా వచ్చేస్తాయి. అక్కడ అంతసేపు ఆగుతుంది మరి.

అజాగ్రత్తగా ఉంటే ఏమవుతుందో చరిత్రలో కావలసినన్ని ఉదాహరణలున్నాయి. పదో శతాబ్దంలో కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర గుట్ట మీద శాసనం వేయించాడు. హాయిగా ఒక భాషలో వేయించి ఊరుకోవచ్చు కదా! సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ చెక్కించాడు. ద.రా. బేంద్రేది ఇంట్లో మరాఠీ. మాస్తి వెంకటేశ అయ్యంగార్‌ది తమిళం. గిరీశ్ కర్నాడ్‌ది కొంకణి. ముగ్గురూ మొదట్లోనే అదుపులో పెట్టుకోకపోవడం వల్ల చివరికి 1973లో ఒకరు, 1983లో ఒకరు, 1998లో ఒకరు కన్నడ రచయితలుగా జ్ఞానపీఠాలు తీసుకోవలసి వచ్చింది. మన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు మైసూరు మహారాజా కళాశాలకి తెలుగు చెప్పడానికని వెళ్ళి, కన్నడంలో కూడా రాసి వచ్చారు. ఇంతటి పెద్దవాళ్ళే తట్టుకోలేకపోయారంటే మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎంత జాగ్రత్తగా ఉండాలో మీరే ఊహించుకోండి.

మకాం ఎక్కడ

సగం విజయం ఇల్లు వెతకడంలోనే ఉంది. మారతహళ్ళి గానీ బీటీఎం లేఅవుట్ గానీ ఎంచుకోండి. నెల్లూరు వాళ్ళో చిత్తూరు వాళ్ళో నడిపే పీజీ హాస్టలు చూసుకోండి. పొద్దున ఇడ్లీలోకి కారప్పొడి, రాత్రి పప్పులోకి ఆవకాయ ఉంటే అదే సరైన చోటు. వీధి చివర ఆంధ్రా మెస్ ఉంటుంది. అక్కడ వడ్డించే కుర్రాడు "అన్నా, పెరుగా మజ్జిగా" అని తెలుగులోనే అడుగుతాడు. ఆఫీసులో ఇంగ్లీషు. టీంలో ఎలాగూ నలుగురు మనవాళ్ళుంటారు, భోజనాల దగ్గర వాళ్ళ పక్కనే కూర్చోండి. ఈ పద్ధతిలో బెంగళూరులో ఉంటూనే బెంగళూరుకి రాకుండా ఎన్నేళ్ళయినా గడిపేయవచ్చు.

ఎవరైనా నిలదీస్తే 2011 జనాభా లెక్కలు చూపించండి. బెంగళూరు అర్బన్ జిల్లాలో కన్నడం మాతృభాష అని చెప్పినవాళ్ళు సగానికి తక్కువ. ఆ మిగతావాళ్ళలో ఎంతమంది కన్నడం గడగడా మాట్లాడతారన్న ప్రశ్న మాత్రం మీరు ఎత్తకండి. ఎదుటివాడికి తట్టదు.

స్నేహాల విషయంలో ఒక మినహాయింపు. తెలుగువాళ్ళలో కూడా హిందూపురం, మడకశిర, రాయదుర్గం వాళ్ళకి దూరంగా ఉండండి. బాగేపల్లి, పావగడ వాళ్ళయితే మరీను. వాళ్ళు మీతో తెలుగులో మాట్లాడుతూ మాట్లాడుతూ, ఫోను మోగితే కన్నడంలోకి దూకి, మళ్ళీ వెనక్కి వచ్చేస్తారు. ఎక్కడ మారారో వాళ్ళకే తెలియదు. అడిగితే "మా ఊళ్ళో అంతే కదన్నా" అంటారు. అటువంటివాళ్ళ పక్కన రెండు నెలలు కూర్చుంటే రెండు భాషలు రావడం వింత కాదేమోనన్న అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం మంచిది కాదు.

జర్మనీ నుంచి 1853లో వచ్చిన మిషనరీ ఫెర్డినాండ్ కిట్టెల్ కన్నడం నేర్చుకుని 1894లో 70 వేల మాటల నిఘంటువు అచ్చువేయించాడు. జనం ఆయన పట్టుదల గురించి గొప్పగా చెబుతారు. నేనైతే పాపం అంటాను. ఆ రోజుల్లో ఆయనకి జర్మన్ మాట్లాడే పీజీ దొరికి ఉండదు.

అర్థమైతే చాలు

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఆరు నెలలు గడిచేసరికి మీకు కన్నడం అర్థం కావడం మొదలవుతుంది. కంగారు పడకండి. దీన్ని వ్యాధిగా కాక టీకాగా వాడుకోవచ్చు. "నాకు అర్థమవుతుందండీ, మాట్లాడడమే రాదు" అనే వాక్యం తయారుగా పెట్టుకోండి. ఇది అన్ని వయసులవాళ్ళకీ, అన్ని జీతాలవాళ్ళకీ పనికొస్తుంది. వినేవాడికి మీరు దాదాపు నేర్చేసుకున్నట్టూ, ఇంకొక్క అడుగే మిగిలినట్టూ అనిపిస్తుంది. ఆ ఒక్క అడుగు ముందు పదేళ్ళు నిలబడవచ్చు. మీరు తెలుగులో అడగండి, వాళ్ళు కన్నడంలో చెబుతారు, పని అయిపోతుంది. పని అయిపోయినప్పుడు నోరెందుకు తిరగాలి?

సినిమాలు చూడండి, తప్పులేదు. "కేజీఎఫ్" చూడండి, "కాంతార" చూడండి. తెలుగు డబ్బింగులో చూడండి.

యాప్ పెట్టుకోవాలన్న కోరిక పుడితే అణచుకోవద్దు. రోజూ ఐదు నిమిషాలు "ఆనె" అంటే ఏనుగు, "కుదురె" అంటే గుర్రం అని నొక్కుతూ ఉండండి. ఏనుగులతో గుర్రాలతో బెంగళూరులో మీకు పనిపడదు. ప్లంబరుతో పడుతుంది, అతని గురించి యాప్‌లో పాఠం ఉండదు. చదువుతున్నామన్న తృప్తి మాత్రం పూర్తిగా ఉంటుంది.

తప్పు మాట్లాడకండి

ఇది ఈ వ్యాసంలోకెల్లా ముఖ్యమైన సలహా. కాస్త వివరంగా చెప్పాలి.

తెలుగులో ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, పిల్లి వచ్చింది. ముగ్గురికీ ఒకటే క్రియ. మనకి అలవాటైపోయి అందులో వింత కనబడదు. కన్నడంలో బస్సయితే "బంతు", ఆమె అయితే "బందళు", గౌరవంగా అయితే "బందరు". తెలుగువాడు పండగపూట ఓనరు గారి మేడమెట్లు ఎక్కుతూ, మర్యాదగా నవ్వుతూ, "ఆంటీ బంతు" అంటాడు. ఆంటీని తీసుకెళ్ళి బస్సు పక్కన నిలబెట్టాడన్నమాట. ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఆంటీ కూడా నవ్వి, "బందరు అన్నబేకు" అని సరిదిద్దుతుంది.

ఇక్కడే అసలు ముప్పు. ఆ నవ్వు విన్నవాడు జన్మలో "బందరు" మరిచిపోడు. ఏ పుస్తకమూ ఏ మాస్టరూ ఏడాదిపాటు చెప్పినా ఎక్కనిది, ఒక్క నవ్వుతో ఎక్కి కూర్చుంటుంది. అలాంటివి ఒక యాభై జరిగాయంటే మీరు కన్నడం మాట్లాడేవాళ్ళలో కలిసిపోయినట్టే. కాబట్టి తప్పు చేసే అవకాశమే ఇవ్వకండి. నోరు మూసుకున్నవాడి వ్యాకరణంలో ఎవరూ తప్పు పట్టలేరు. మనం ఊళ్ళో పది ఎకరాల ఆసామి కొడుకులం, బీటెక్‌లో డిస్టింక్షన్ వాళ్ళం, కింద పదిమంది పనిచేసే మేనేజర్లం. అలాంటి మనం కొత్తిమీర కట్ట కోసం మూడేళ్ళ పిల్లాడిలా ముద్దముద్దగా మాట్లాడడమేమిటి? కొత్తిమీర లేకుండా చారు కాచుకోవచ్చు.

"నీవు" సంగతి కూడా గుర్తుంచుకోండి. మన నీవు చనువున్నవాళ్ళకి, పిల్లలకి, దేవుడికి. వాళ్ళ "నీవు" మన మీరు. మన నువ్వుకి వాళ్ళ దగ్గర "నీను" ఉంది. బ్యాంకులో ఆఫీసరు ఎంతో మర్యాదగా "నీవు ఇల్లి సహి మాడి" అంటే, ఇక్కడ సంతకం పెట్టండి అని మన్నిస్తున్నాడని అర్థం. మీరు మాత్రం నన్ను పట్టుకుని నీవంటాడా అని మొహం మాడ్చుకోండి. ఇంటికెళ్ళి భార్యకి చెప్పండి. సంక్రాంతికి ఊరెళ్ళి పెదనాన్నకి చెప్పండి. ఒక భాష మీద సంపాదించిన కోపాన్ని సరిగ్గా చూసుకుంటే జీవితాంతం వస్తుంది.

మనకి మేము వేరు, మనము వేరు. ఇప్పటి కన్నడంలో రెండింటికీ "నావు" ఒక్కటే. పక్క సీటువాడు "నావు సినిమాక్కె హోగ్తా ఇదీవి" అంటే మిమ్మల్ని పిలిచినట్టా, వాళ్ళు వెళ్తున్నారని చెప్పినట్టా? అడిగితే తెలిసిపోతుంది. అడగడానికి కన్నడం కావాలి. అడగకండి, పిలవలేదనే అనుకోండి, ఆ శుక్రవారం రాత్రి గదిలో కూర్చుని కన్నడిగులు కలుపుకోరని నిర్ధారణకి రండి.

ఇన్ని చిక్కులున్నాయి కాబట్టి, మాట్లాడే ముందు వ్యాకరణం మొత్తం పూర్తి చేయడమే ఉత్తమం. పదమూడో శతాబ్దపు కేశిరాజు "శబ్దమణిదర్పణం"తో మొదలుపెట్టండి. పునాది ఇంకా గట్టిగా కావాలంటే తొమ్మిదో శతాబ్దంలో నృపతుంగుడి ఆస్థానంలో పుట్టిన "కవిరాజమార్గం" దాకా వెళ్ళండి. అవి ఒంటబట్టాక, అంటే రిటైరయ్యే వేళకి, మార్కెట్టుకి వెళ్ళి హళెగన్నడంలో (పాత కన్నడంలో) వంకాయలు అడగవచ్చు. అన్నట్టు, కన్నడనాడు కావేరి నుంచి గోదావరి దాకా అని ఆ "కవిరాజమార్గం"లోనే ఉంది. ఆ లెక్కన రాజమండ్రిలో పుట్టినవాడు కన్నడనాడు సరిహద్దులోనే పుట్టినట్టు. పుట్టుకతోనే సగం వచ్చిన భాషని కొత్తగా నేర్చుకునేదేముంది?

ఇంకా మొహమాటం వదలకపోతే ఏ కన్నడం నేర్చుకోవాలన్న ప్రశ్న లేవదీయండి. మైసూరుది ఒకటి, మాట చివర "రీ" తగిలించే ధార్వాడది ఒకటి, పుస్తకం చదివినట్టుండే మంగళూరుది ఇంకొకటి. వాళ్ళంతా కూర్చుని తేల్చుకున్నాక కబురు చేయమనండి.

మంచివాళ్ళని వాడుకోవడం

బెంగళూరు జనం మంచితనం మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం. మీరు తడబడుతూ ఒక్క కన్నడ మాట అనీ అనగానే ఎదుటివాళ్ళు జాలిపడి తెలుగులోకో హిందీలోకో ఇంగ్లీషులోకో వచ్చేస్తారు. అలా రావడం వాళ్ళ మర్యాద. దాన్ని కాదని "దయచేసి కన్నడంలోనే చెప్పండి, నేర్చుకుంటున్నాను" అని అడిగే మొండివాళ్ళున్నారు. అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుని, ఆగి ఆగి చెబుతారు కూడా. అందుకే ఆ మాట పొరపాటున కూడా అనకండి.

కె.ఆర్. మార్కెట్లో పూలమ్మే ఆవిడని గమనించండి. మీతో తెలుగు, మీ వెనకాయనతో తమిళం, ఆ పక్కన స్కూటీ ఆపిన అమ్మాయితో హిందీ, తోటివాళ్ళతో కన్నడం. ఏ కోర్సూ చేయలేదు, సర్టిఫికెట్టు లేదు. బేరం పోగొట్టుకోవడం ఇష్టంలేక తప్పో ఒప్పో మాట్లాడేస్తూ పోయింది, అంతే. ఇలా వచ్చిన భాషలు లెక్కలోకి రావని మనం ముందే నిర్ణయించుకోవాలి. లేకపోతే ఆవిడ నాలుగు భాషల పండితురాలనీ, మనం ఒకటిన్నర భాషల వాళ్ళమనీ ఒప్పుకోవలసి వస్తుంది. ఆ ఒకటిన్నరలో ఒకటి ఏదో కూడా తేల్చడం కష్టం.

పిల్లలు, వయసు

బడిలో కన్నడం తప్పనిసరి చేస్తూ 2015లో చట్టం వచ్చింది కాబట్టి పిల్లల్ని మీరు కాపాడలేరు. ఎలాగూ అపార్ట్‌మెంటు కింద ఆటస్థలంలోనే చెడిపోతారు. బడిది రెండో దెబ్బ. దాన్ని మన మేలుకే మలుచుకోవాలి. గ్యాస్ సిలిండరు వచ్చినా కరెంటు మేస్త్రీ వచ్చినా ఏడేళ్ళ పాపని ముందు నిలబెట్టండి. "ఎప్పుడొస్తాడో అడుగమ్మా" అనండి. చుట్టాలొచ్చినప్పుడు "మా పాప కన్నడం భలే మాట్లాడుతుంది" అని చెప్పుకుని, అదే ఊపిరిలో "మనకి వయసైపోయింది కదండీ" అనండి. వెనకటికి 1967లో ఎరిక్ లెన్నెబర్గ్ అనే ఆయన భాష పట్టుబడే ఈడు గురించి ఒక సిద్ధాంతం రాశాడు. మొదటి భాష గురించి ఆయన చెప్పినదాన్ని మన సౌకర్యం కొద్దీ అద్దె అగ్రిమెంటు దాకా సాగదీయవచ్చు. ఉచ్చారణ పిల్లలకి వచ్చినట్టు రాకపోవచ్చు గానీ, మాటలూ వాక్యాలూ పెద్దవాళ్ళు మొదట్లో పిల్లలకంటే వేగంగానే పట్టుకుంటారని తెలిసినవాళ్ళు ఎవరైనా అడ్డుతగిలితే, కాఫీ ఇచ్చి మాట మార్చండి.

చర్చలు

నేర్చుకోవడానికి కేటాయించదగిన సమయాన్ని వాదనకి ఖర్చుపెట్టడం నేను కనిపెట్టిన పద్ధతి కాదు, చాలామంది వాడుతున్నదే. ఏది పాతది, తెలుగా కన్నడమా? కృష్ణదేవరాయలు ఎవరివాడు? "ఆముక్తమాల్యద" రాసినవాడు మావాడంటే, "కన్నడ రాజ్య రమారమణ" అన్న బిరుదు ఉన్నవాడు మావాడని వాళ్ళంటారు. ఇది తెగదు. 1956 నవంబరు 1న రెండు భాషలవాళ్ళ రాష్ట్రాలూ ఒకే రోజు ఏర్పడ్డాయి. 2008లో రెండు భాషలకీ ప్రాచీన హోదా కలిసే వచ్చింది. ఇంత సమంగా తూగే జోడీ దొరికితే వాదన ఎన్ని శనివారాలైనా నడుస్తుంది. మరో సదుపాయం ఏమిటంటే ఈ వాదన రెండు పక్షాలూ ఇంగ్లీషులోనే చేస్తాయి, కాబట్టి అవతలివాళ్ళ భాష అంటుకుంటుందన్న భయం లేదు.

ఒకవేళ వచ్చేస్తే

పైవన్నీ పాటించినా కొందరికి వచ్చేస్తుంది. లక్షణాలు చెబుతాను. నెల్లూరులో ఉన్న అమ్మతో ఫోనులో మాట్లాడుతూ "అవునా" అనబోయి "హౌదా" అంటారు. ఆటో అతను మీటరు మీద ఎంత అడిగాడో వేళ్ళు చూడకుండానే తెలిసిపోతుంది. ఇంకా ముదిరితే "మూవత్తు బేడ, ఇప్పత్తు కొడ్తీని" అని బేరం కూడా ఆడేస్తారు. ఎదురింటి తాత పొద్దున్నే "తిండి ఆయ్తా?" అని అడిగితే మీరు ఆగకుండా "ఆయ్తు, నిమ్మదు?" అంటారు. అక్కడితో ఆగదు. ఆయన నిలబడిపోతాడు. మోకాలి నొప్పి గురించి, మైసూరులో ఉన్న కూతురి గురించి, పాత బెంగళూరులో చెరువులు ఎక్కడెక్కడ ఉండేవన్న దాని గురించి చెబుతాడు. మీ ఆఫీసు క్యాబ్ వెళ్ళిపోతుంది.

ఇలాంటప్పుడు వెంటనే సెలవు పెట్టి ఊరెళ్ళండి. రెండు వారాలు కదలకండి. కన్నడ స్నేహితుల మెసేజీలకి బొమ్మలతోనే జవాబివ్వండి. చెన్నైకి బదిలీ దొరుకుతుందేమో కనుక్కోండి. అక్కడ లిపి కూడా వేరు కాబట్టి మన పని ఇంకా తేలిక. తిరిగి బెంగళూరు రాక తప్పకపోతే, బస్సులో కండక్టరు "ఎల్లిగె?" అన్నప్పుడు నోటికి అలవాటుగా "మెజెస్టిక్‌గె ఒందు కొడి" అని వచ్చేసినా బెదిరిపోకండి. అదే మాట మళ్ళీ ఇంగ్లీషులో, ఇంకొంచెం గట్టిగా చెప్పి, చిల్లర లేదని ఐదువందల నోటు ఇవ్వండి. ఆ తర్వాత కండక్టరు మాట్లాడే కన్నడం ఎలాగూ నేర్చుకోదగింది కాదు.